ఇగ్నాసియో మాన్యుయెల్ ఆల్తమిరానో

ఇగ్నాసియో మాన్యుయెల్ ఆల్తమిరానో (నవంబరు 13, 1834 - ఫిబ్రవరి 13, 1893) మెక్సికో దేశానికి చెందిన రచయిత, రాజకీయ నాయకుడు, పాత్రికేయుడు, ఉపాధ్యాయుడు. మూలవాసుల కుటుంబంలో పుట్టి, సుమారు పద్నాలుగేళ్ళ వయసు వరకు స్పానిష్ భాష సరిగా రాని ఈయన, తరువాతి కాలంలో ఆ భాషలోనే మెక్సికో జాతీయ సాహిత్యానికి బాట వేసినవారిలో ముఖ్యుడయ్యాడు.

బాల్యం, విద్యాభ్యాసం

ఆల్తమిరానో దక్షిణ మెక్సికోలోని తిక్స్ట్లా పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం గెరెరో రాష్ట్రంలో ఉంది. తల్లిదండ్రులు ఫ్రాన్సిస్కో ఆల్తమిరానో, హెర్త్రూదిస్ బసీలియో. ఇంటిపేరు వారి పూర్వీకులలో ఒకరికి జ్ఞానస్నానం చేయించిన స్పెయిన్ దేశస్థుని నుండి సంక్రమించింది.

ఆనాటి పాఠశాలలో పిల్లలను రెండు వర్గాలుగా కూర్చోబెట్టేవారు. స్పానిష్ సంతతి పిల్లలను "బుద్ధి గలవారు"గా పరిగణించి వారికి పూర్తి పాఠాలు చెప్పేవారు. మూలవాసుల పిల్లలకు చదవడం, మతబోధ వల్లె వేయడం మాత్రమే నేర్పేవారు. తండ్రికి పట్టణాధికారి పదవి లభించిన తరువాతే ఆల్తమిరానోకు మొదటి వర్గంలో చోటు దొరికింది.

ప్రతి మునిసిపాలిటీ నుండి ఒక పేద మూలవాసి విద్యార్థిని ఉచితంగా చదివించాలన్న నాటి రాష్ట్ర చట్టం వలన 1849లో తొలూకా నగరంలోని సాహిత్య విద్యాలయంలో చేరాడు. అక్కడ గ్రంథాలయ బాధ్యతలు చూస్తూ విస్తృతంగా చదివాడు. ఉదారవాది ఇగ్నాసియో రామిరెజ్ అక్కడే ఆయనకు గురువయ్యాడు. ఆ తరువాత మెక్సికో నగరంలో న్యాయశాస్త్రం అభ్యసించాడు.

రాజకీయ జీవితం

1854లో నియంత సాంతా అనాకు వ్యతిరేకంగా జరిగిన అయుత్లా తిరుగుబాటులో పాల్గొన్నాడు. అనంతరం ఉదారవాదులకు, సంప్రదాయవాదులకు మధ్య జరిగిన అంతర్యుద్ధంలో ఉదారవాదుల పక్షాన నిలిచాడు. 1861లో పార్లమెంటు సభ్యుడై, ఓడిన సంప్రదాయవాదులకు క్షమాభిక్ష ఇవ్వరాదని చేసిన తీవ్రమైన ప్రసంగంతో ప్రసిద్ధి పొందాడు. ఫ్రెంచి సైన్యం దేశాన్ని ఆక్రమించినపుడు ఆయుధం పట్టి కల్నల్ హోదా పొందాడు. 1867లో చక్రవర్తి మాక్సిమిలియన్ పతనానికి దారితీసిన కెరెతారో ముట్టడిలో పోరాడాడు.

సాహిత్య సేవ

యుద్ధానంతరం ఆయన దృష్టి సాహిత్యం వైపు మళ్ళింది. 1869లో "ఎల్ రెనసిమియెంతో" (పునరుజ్జీవనం) అనే వారపత్రికను స్థాపించాడు. ఎనిమిదేళ్ళ క్రితం క్షమాభిక్షను వ్యతిరేకించిన ఆయనే, ఈ పత్రికలో ఉదారవాదులతో పాటు సంప్రదాయవాద రచయితలకూ స్థానం కల్పించాడు. చీలిపోయిన దేశాన్ని సాహిత్యం దగ్గర చేయగలదని ఆయన విశ్వాసం. ఐరోపా రచనలను అనుకరించక, మెక్సికో ప్రకృతిని, చరిత్రను, ప్రజాజీవితాన్ని చిత్రించాలని రచయితలను ప్రోత్సహించాడు.

ఆయన ముఖ్య రచనలు:

* క్లెమెన్సియా (1869): ఫ్రెంచి ఆక్రమణ నేపథ్యంలో సాగే నవల. ఇందులో అందగాడైన సైనికాధికారి ద్రోహిగా, ఎవరూ ఇష్టపడని నల్లని యువకుడు త్యాగశీలిగా తేలుతారు.
* లా నావిదాద్ ఎన్ లాస్ మోంతాన్యాస్ (1871): కొండల నడుమ ఒక గ్రామంలో జరిగే క్రిస్మస్ పండుగ కథ.
* ఎల్ సార్కో: రచయిత మరణానంతరం 1901లో వెలువడింది. నీలికళ్ళ బందిపోటు ఒకవైపు, నీతిపరుడైన మూలవాసి కమ్మరి నికొలాస్ మరొకవైపు ఇందులోని ప్రధాన పాత్రలు.

చర్మపు రంగును బట్టి మనిషి విలువను నిర్ణయించరాదన్న భావం మొదటి, చివరి నవలలలో స్పష్టంగా కనిపిస్తుంది.

విద్యారంగం, చివరి రోజులు

ఆల్తమిరానో అనేక సంవత్సరాలు ఉపాధ్యాయునిగా పనిచేశాడు. అందరికీ ఉచిత, నిర్బంధ ప్రాథమిక విద్య అందాలని వాదించాడు. 1887లో మెక్సికో నగరంలో ప్రారంభమైన ఉపాధ్యాయ శిక్షణా పాఠశాల రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించాడు. 1889లో బార్సిలోనాలోను, తరువాత పారిస్‌లోను మెక్సికో కాన్సల్‌గా పనిచేశాడు. అనారోగ్యంతో ఇటలీలోని శాన్ రెమోలో మరణించాడు. శతజయంతి సంవత్సరమైన 1934లో ఆయన అస్థికలను మెక్సికో నగరంలో జాతీయ ప్రముఖుల సమాధి ప్రాంగణంలో ఉంచారు. దీర్ఘకాలం సేవ చేసిన ఉపాధ్యాయులకు మెక్సికో ప్రభుత్వం ఇచ్చే పతకానికి ఆయన పేరే పెట్టారు.