గాలికి గట్టు కట్టే రేకులు

మే నెల ఎండలో అంబాజీపేట నుంచి రావులపాలెం వైపు కొబ్బరికాయల బస్తాలతో వెళ్తున్న పాత ఆటో ఉన్నట్టుండి గొంతు మారుస్తుంది. రెండుసార్లు కొట్టుకుని ఆగిపోతుంది. స్టార్టింగ్ హ్యాండిలు లాగితే కదలదు. "ఇంజను పట్టేసింది" అంటాడు డ్రైవరు. చెట్టు నీడన కాసేపు నిలిపితే మళ్ళీ కదులుతుంది గానీ పూర్వపు బలం ఉండదు. షెడ్డుకు తోలుకెళ్తే బోరు కొట్టించి, పిస్టను, రింగులు మార్చి పంపుతారు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే కథ. ఆయిలు కల్తీ అనో, పెట్రోలు కల్తీ అనో తిట్టుకుంటారు. సిలిండరు మీద వదులుగా ఊగుతూ గలగలలాడే రేకు మీదికి మాత్రం ఎవరి చూపూ పోదు.

షెడ్డులో ఇంజను విప్పినప్పుడు అన్నిటికంటే ముందు ఊడేది ఆ రేకే, ఆఖరున ఎక్కేదీ అదే. నాలుగు స్క్రూల్లో ఒకటి కనపడకపోతే "మూడు చాల్లే" అనుకుంటారు. దుమ్ము పడకుండా కప్పే మూతగానే దాన్ని చూస్తారు. గాలితో చల్లబడే ఇంజనుకు మాత్రం రేడియేటరు చేసే పనిలో సగం ఆ రేకుదే.

గాలితో చల్లబడే ఇంజన్లు రెండు రకాలు. బుల్లెట్ లాంటి మోటారు సైకిలు ఇంజను బయటికి కనిపిస్తూ ఉంటుంది, బండి పరిగెత్తేటప్పుడు ఎదురయ్యే గాలే దాన్ని చల్లారుస్తుంది. ఇంజను సీటు కిందో, డొక్కులోనో, బండి వెనకాలో దాక్కుని ఉంటే ఎదురుగాలి అందదు. అప్పుడు ఫ్యాను పెట్టి గాలిని నెట్టాలి. 1972లో వచ్చిన బజాజ్ చేతక్, లాంబ్రెటా నమూనాలో తయారైన మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్, 1977లో బజాజ్ తెచ్చిన వెనక ఇంజను ఆటో, అన్నీ ఈ రెండో కోవలోవే. వీటిలో ఫ్లైవీలు మీదే ఫ్యాను రెక్కలుంటాయి. ప్రపంచంలో ఈ జాతికి పెద్దన్న ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు. 2003 జులైలో మెక్సికోలోని ప్యూబ్లా కర్మాగారంలో ఆఖరి బండి బయటికి వచ్చేనాటికి 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి. ఈ బండ్లన్నిటికీ ఫ్యాను వేరు, ఇంజను పరిమాణం వేరు. ఫ్యాను నెట్టిన గాలిని సిలిండరు దాకా నడిపించే పల్చటి ఉక్కు రేకులు మాత్రం అన్నిటికీ కావాలి.

ఆ రేకులకు అంత విలువ ఎందుకో తెలియాలంటే ముందు గాలి ఎంత బలహీనమైన శీతలకారో చూడాలి. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కుతూ మోసుకుపోయే వేడిని మోయాలంటే దాదాపు 3,500 లీటర్ల గాలి కావాలి. అందుకే సిలిండరు చుట్టూ ఫిన్నులనే పల్చటి పలకలు పోసి, గాలి తగిలే వైశాల్యం పెంచుతారు. అందుకే గాలిని విపరీతంగా నెడతారు. 1600 సీసీ బీటిల్ ఇంజను జోరుగా తిరుగుతున్నప్పుడు దాని ఫ్యాను సెకనుకు సుమారు 500 లీటర్ల గాలి తోస్తుంది. 40 డిగ్రీల ఎండలో ఆ గాలి బరువు అర కిలోకు కాస్త ఎక్కువ. ఫిన్నుల మీదుగా 30 కిలోవాట్ల వేడి పోవాలని అనుకుంటే, ఆ గాలి 53 డిగ్రీలు వేడెక్కి 93 దగ్గర బయటపడుతుంది. ఇప్పుడు రేకుల సందుల్లోంచి ఐదో వంతు గాలి జారిపోయిందనుకోండి. మిగిలిన గాలే అంత వేడినీ మోయాలి కాబట్టి 106 దగ్గర బయటపడుతుంది. గాలే అంత వేడిగా ఉంటే దానికి వేడినివ్వాల్సిన లోహం ఇంకా ఎంత కాగాలో ఊహించండి. నష్టం అక్కడితో ఆగదు. కింది నుంచి పోవాల్సిన ఆ వేడిగాలి ఇంజను గదిలోకి ఎగదన్నితే, ఫ్యాను దాన్నే మళ్ళీ మింగుతుంది. అప్పుడు లెక్క 40 దగ్గర కాక 50 దగ్గరో, 55 దగ్గరో మొదలవుతుంది.

గోదావరి జిల్లాల రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచీ మనవాళ్ళు చూస్తున్నదే ఇది. హెడ్ స్లూయిస్ దగ్గర ఎంత నీరు వదిలినా, మధ్యలో కాలవ గట్టుకు గండి పడితే గండి పక్క చేను మునుగుతుంది, శివారు చేను ఎండుతుంది. నీరు అవసరం ఉన్నచోటికి పోదు, అడ్డు లేనిచోటికి పోతుంది. గాలిదీ అదే గుణం. దగ్గర దగ్గరగా ఉన్న ఫిన్నుల మధ్య దూరడం దానికి కష్టం, రేకు పక్కనున్న వేలెడు సందులోంచి జారుకోవడం సుఖం. ఫ్యాను హెడ్ స్లూయిస్ అయితే రేకు గట్టు, సిలిండరు వెనక భాగం శివారు. అందుకే ఫ్యాను బాగానే తిరుగుతున్నా, గాలి చప్పుడు బాగానే వినిపిస్తున్నా, ఇంజను పట్టేస్తుంది.

ఆ వెనక భాగం సంగతి ఇంకాస్త చూడాలి. గుండ్రటి వస్తువును తాకిన గాలి దాని చుట్టూ పూర్తిగా అంటుకుని తిరగదు. ఇంచుమించు సగం దూరం పోయాక ఉపరితలాన్ని వదిలేసి విడిపోతుంది. వెనకాల మిగిలేది సుళ్ళు తిరిగే నీరసమైన గాలి. సిలిండరు ఒక పక్క చల్లగా, ఇంకో పక్క వేడిగా ఉంటే గుండ్రంగా ఉండాల్సిన బోరు వంకర తిరుగుతుంది, రింగులు సరిగ్గా ఆనవు, ఆయిలు పైకెక్కుతుంది. దీనికి విరుగుడు సిలిండరు వెనక వంపును అనుసరించి వంగిన ఒక చిన్న రేకు. విడిపోబోయే గాలిని అది ఫిన్నుల మీదికే అదిమి పట్టుకుంటుంది. బీటిల్ ఇంజనులో ఇలాంటి రేకులు సిలిండర్ల కింద, రెండేసి సిలిండర్ల మధ్య ఉంటాయి. పైనుంచి కనపడవు. కనపడవు కాబట్టే రిపేరులో ఎక్కువగా పోయేవి ఇవే.

ఈ పాఠాన్ని విమానాలవాళ్ళు మరింత శ్రద్ధగా నేర్చుకున్నారు. 1920ల చివర అమెరికాలో నాకా అనే వైమానిక పరిశోధన సంస్థలో ఫ్రెడ్ వీక్ బృందం ఇంజను చుట్టూ రేకు తొడుగు వేసి పరీక్షించింది. తొడుగు వేస్తే ఇంజను ఉడికిపోతుందన్న భయం అప్పట్లో ఉండేది. లోపల గాలి దారిని సరిగ్గా మలిస్తే చల్లదనమూ దక్కింది, విమానానికి గాలి నిరోధమూ బాగా తగ్గింది. 1929 సంవత్సరానికి కొలియర్ ట్రోఫీ అనే విమానయాన పురస్కారం ఆ తొడుగుకే ఇచ్చారు.

ఇక వేడెక్కితే ఇంజను ఎందుకు పట్టేస్తుందంటే, పిస్టను అల్యూమినియంది, సిలిండరు పోత ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు సాగుతుంది. పాత బజాజ్ ఇంజను బోరు 57 మిల్లీమీటర్లు. రెండూ మామూలుకన్నా 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాయంటే వాటి మధ్య సందులో మిల్లీమీటరులో 40వ వంతు దాకా హరించుకుపోతుంది. వినడానికి ఇది చాలా తక్కువ. కానీ అక్కడ ఉన్న సందే మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు. పైగా పిస్టను సిలిండరుకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. ఆయిలు పొర చిరిగి, లోహం లోహాన్ని పట్టుకుంటుంది. బరువు ఎక్కువై, టాప్ గేరులోనే బండిని ఈడుస్తుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇంజను మెల్లగా తిరుగుతుంటే ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది, పుట్టే వేడి మాత్రం తగ్గదు. వంతెన ఎక్కేటప్పుడు గేరు తగ్గించే డ్రైవరు తెలిసో తెలియకో ఇంజనుకు గాలి పెంచుతున్నాడు.

బీటిల్‌లో ఒక చక్కటి ఏర్పాటు ఉంది. డైనమో షాఫ్టు మీదే ఫ్యాను ఉంటుంది, రెండిటినీ ఒకే బెల్టు తిప్పుతుంది. బెల్టు తెగితే చార్జింగు ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ దీపం వెలిగిందంటే ఫ్యాను కూడా ఆగినట్టే, బండి వెంటనే ఆపాలి. రేకు ఊడితే చెప్పే దీపం మాత్రం లేదు. పాత మోడళ్ళలో ఆయిలు కూలరు ఫ్యాను కవరు లోపలే నిలబడి మూడో సిలిండరుకు పోయే గాలికి అడ్డం పడేది. అందుకే ఆ సిలిండరుకు చెడ్డపేరు వచ్చింది. 1971 మోడలు నుంచి కూలరును వెనక్కి జరిపి, దానికి వేరే గాలి దారి పెట్టారు. ఆ దారి చివర వేడిగాలిని కిందికి పంపే చిన్న రేకు ఒకటి ఉంటుంది. అది లేకుండా బిగిస్తే కూలరు వేడి అంతా ఇంజను గదిలోకే వస్తుంది.

రేకులు ఎందుకు వదులవుతాయి? అదురుడు మొదటి కారణం. ప్రతిసారీ వేడెక్కి సాగడం, చల్లారి ముడుచుకోవడం రెండోది. స్క్రూ కాస్త వదులైతే రేకు కొట్టుకుంటుంది, కొట్టుకుంటే రంధ్రం కోలగా సాగుతుంది, సాగితే వాషరు పట్టదు. అల్యూమినియంలో మరలు మెత్తన, బలంగా బిగిస్తే పీక్కొస్తాయి. మన డెల్టాలో దీనికి ఉప్పు గాలి తోడవుతుంది. అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ వైపు తిరిగే బండ్ల రేకులు అంచుల దగ్గర తుప్పుతో జల్లెడవుతాయి. రైసు మిల్లుల దగ్గర ఊక దుమ్ము, కోనసీమలో కొబ్బరి పీచు ఫిన్నుల మధ్య చేరి, ఆయిలు జిడ్డుతో కలిసి గట్టిపడతాయి. ఎక్కువ రోజులు కదలని కారులో ఎలుకలు ఫ్యాను కవరు లోపలే గూడు పెడతాయి. కాబట్టి రేకు బిగించే ముందు ఫిన్నులు శుభ్రం చేయకపోతే పని సగమే.

రేకులన్నీ విప్పి కిరోసిన్‌తో జిడ్డు కడగాలి. వంకరలు టింకరింగ్ మేస్త్రి దిమ్మె మీద పెట్టి చిన్న సుత్తితో సరిచేస్తాడు. పగుళ్ళకు గ్యాస్ వెల్డింగు చాలు. సాగిన రంధ్రం మీద ఉక్కు వాషరు పెట్టి ఇత్తడి వెల్డింగు చేస్తే కొత్త రంధ్రంలాగే పట్టు వస్తుంది. రంగు పల్చగా, వేడికి తట్టుకునేది వేయాలి. ఫిన్నుల మీద మందపాటి పెయింటు వద్దు, అది వేడిని బయటికి పోనివ్వని దుప్పటవుతుంది. మర పోయినచోట లావు స్క్రూ దిగ్గొట్టడం చాలామంది చేసే పని. నేను ఒప్పుకోను. తీగ చుట్టలాంటి ఉక్కు మర దిగించి అసలు సైజు స్క్రూనే వాడాలి. నైలాన్ రింగున్న నట్లు వేడికి మెత్తబడతాయి, వాటి బదులు స్ప్రింగు వాషర్లు మేలు.

బిగించే వరుస ముఖ్యం. ఏ స్క్రూనూ పూర్తిగా బిగించకుండా అన్నిటినీ చేత్తో రెండు మరలు ఎక్కించాలి. రేకులు ఒకదాని అంచు మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో చూసుకున్నాక ఎదురెదురుగా బిగించుకుంటూ రావాలి. ప్లగ్గు తీగ దూరే రంధ్రానికి రబ్బరు మూత ఉందో లేదో చూడాలి. ఆ ఒక్క రంధ్రమే చాలు గాలి పారిపోవడానికి. బీటిల్ అయితే ఇంజను చుట్టూ రేకుకు, బాడీకి మధ్య రబ్బరు అంచు ఉంటుంది. పై గదిలోని చల్లగాలిని, కింది వేడిగాలిని విడదీసేది అదే. ఎండిపోయి పగిలిన రబ్బరును అలాగే వదిలేసి రేకులు ఎంత బాగా బిగించినా ఉపయోగం లేదు. స్పాంజి ముక్కలు కుక్కితే కాలి రాలిపోతాయి, వేడికి ఓర్చే రబ్బరే కావాలి.

అయిందనుకున్నాక ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా అగరుబత్తిని రేకుల అతుకుల వెంట జరుపుతూ పోవాలి. పొగ బయటికి ఎగిరిపడితే అక్కడ గండి ఉన్నట్టు. ఫ్యాను నోటి దగ్గర తప్ప ఇంకెక్కడా పొగ లాగకూడదు. రాత్రిపూట ఇంజను ఆపి, కవరు లోపల చిన్న బల్బు పెట్టి చూసినా వెలుతురు ఏ సందులోంచి వస్తోందో తెలిసిపోతుంది. మొదటిసారి బాగా తోలి వచ్చాక రేకులు తమ చోట సర్దుకుని స్క్రూలు కొద్దిగా వదులవుతాయి. వేడి మీద ముట్టుకోకుండా, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే అన్నిటినీ ఒకసారి చూసి బిగించాలి.