బ్రూక్‌ల్యాండ్స్‌లో మెరుపు బెంజ్

కార్ల్ బెంజ్ స్థాపించిన మన్‌హైమ్ కంపెనీ 1909లో ఒక కారును ఒకే ఒక్క పని కోసం తయారు చేసింది. గంటకు 200 కిలోమీటర్ల వేగాన్ని దాటడమే ఆ పని. 1908 గ్రాండ్ ప్రి పందేలలో పరుగెత్తిన 150 హార్స్‌పవర్ కారు దీనికి ఆధారం. చాసిస్‌ను దాదాపు అలాగే ఉంచి, ఇంజిన్‌ను మాత్రం 21.5 లీటర్లకు పెంచారు. ఉన్నవి నాలుగే సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండరు పరిమాణం అయిదు లీటర్ల పైమాటే. మన రోడ్ల మీద తిరిగిన మారుతి 800 ఇంజిన్లు ఆరున్నరకు పైగా కలిస్తే ఇందులోని ఒక్క సిలిండరుకు సమానం.

ఇంత పెద్ద ఇంజిన్ ఎందుకంటే, వేగంగా తిరిగే ఇంజిన్‌ను తట్టుకునే లోహాలు, కవాటాలు అప్పటికి లేవు. ఇంజిన్ తిరిగే చుట్లు పెంచలేనప్పుడు, ఒక్కో పేలుడు బలాన్ని పెంచడమే మిగిలిన దారి. ఈ ఇంజిన్ నిమిషానికి 1,600 చుట్లు మాత్రమే తిరిగి 200 హార్స్‌పవర్ ఇచ్చింది. 1,450 కిలోల కారులో ఇంజిన్ బరువే 400 కిలోలు దాటింది. ఆ శక్తిని వెనుక చక్రాలకు చేర్చినవి రెండు పక్కలా బిగించిన ఇనుప గొలుసులు. ముందు పక్షి ముక్కులా పొడుచుకొచ్చిన రేడియేటరు మూత, వెనుక సన్నబడే తోక గాలిని చీల్చడానికి పెట్టినవి. గాలి నిరోధం విషయంలో లెక్క కఠినం: వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి.

దీన్ని పరీక్షించడానికి యూరప్‌లో అనువైన చోటు ఇంగ్లండులోని బ్రూక్‌ల్యాండ్స్. సర్రే జిల్లాలో వేబ్రిడ్జ్ దగ్గర, హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి సొంత డబ్బుతో కట్టించి 1907లో తెరిచిన కాంక్రీటు బాట అది. చుట్టు కొలత సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. మలుపుల దగ్గర బాట ఏటవాలు గట్టులా పైకి లేస్తుంది. అందువల్ల కారు వేగం తగ్గించకుండానే తిరగగలదు. ఇక్కడ కాలాన్ని కొలిచింది విద్యుత్ పరికరం. 200 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు ఒక కిలోమీటరు దాటడానికి 18 సెకన్లు పడుతుంది. చేతి గడియారం నొక్కడంలో సెకనులో పదో వంతు తేడా వచ్చినా, వేగం గంటకు కిలోమీటరుకు పైగా తప్పుతుంది.

1909 నవంబరులో ఫ్రెంచి డ్రైవరు విక్టర్ ఎమెరీ ఈ కారును గంటకు 202.7 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. యూరప్‌లో ఏ కారూ అంతవరకు 200 దాటలేదు. అయినా గుండ్రటి బాట మీద కారు పూర్తి సత్తా బయటపడలేదని బెంజ్ వారు గ్రహించి, దాన్ని అమెరికాకు పంపారు. ఫ్లోరిడాలోని డేటోనా సముద్రతీరపు ఇసుక మీద 1910లో బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ 211 దాటాడు. 1911 ఏప్రిల్ 23న బాబ్ బర్మన్ 228 అందుకున్నాడు. అప్పటి రైళ్లు, విమానాలు కూడా ఆ వేగాన్ని ఎరగవు. మెరుపు అనే అర్థంలో ‘బ్లిట్జెన్ బెంజ్’ అన్న పేరు అక్కడే స్థిరపడింది.

బర్మన్ అంకెను పారిస్‌లోని అంతర్జాతీయ సంఘం గుర్తించలేదు. ఒకే దిశలో పరుగెత్తితే వెనుకగాలి తోడ్పడవచ్చు, నేల కొంచెం వాలుగా ఉండవచ్చు. అందుకే ఒకసారి ఇటు, ఒకసారి అటు నడిపి సగటు తీయాలన్న నిబంధన వచ్చింది. దాని కింద తొలి రికార్డు మళ్లీ బ్రూక్‌ల్యాండ్స్‌లోనే, మళ్లీ ఈ 200 హార్స్‌పవర్ బెంజ్ రకం కారుతోనే నమోదైంది. 1914 జూన్ 24న బ్రిటిష్ డ్రైవరు హార్న్‌స్టెడ్ సాధించిన సగటు 124.09 మైళ్లు, అంటే 199.7 కిలోమీటర్లు. చూడడానికి ఇది ఎమెరీ అంకె కన్నా తక్కువే. కానీ గాలి సాయాన్ని మినహాయించిన అంకె కాబట్టి విజ్ఞాన దృష్టిలో ఇదే విలువైనది. వేగ రికార్డుల చరిత్రలో డేటోనా పరుగుల కన్నా ఈ పరుగుకే పెద్దపీట వేయాలి.

వెంటనే ప్రపంచయుద్ధం వచ్చింది. ఈ రకం కార్లు మొత్తం ఆరు తయారయ్యాయి; రెండు మిగిలాయి. 1922లో జాన్ డఫ్ నడుపుతున్న ఒక పెద్ద బెంజ్ బ్రూక్‌ల్యాండ్స్ గట్టు పైనుంచి అవతలికి పడిపోయింది. డఫ్ బతికి బయటపడ్డాడు. హార్న్‌స్టెడ్ రికార్డు ఎనిమిదేళ్లు నిలిచింది; 1922 మేలో కెనెల్మ్ లీ గిన్నెస్ అదే బాట మీద సన్‌బీమ్ కారుతో 133.75 మైళ్లు సాధించి దాన్ని దాటాడు. బెంజ్ కంపెనీ 1926లో డైమ్లర్‌తో కలిసిపోయింది. బ్రూక్‌ల్యాండ్స్‌లో పందేలు 1939తో ఆగాయి. ఇప్పుడక్కడ ఒక మ్యూజియం, 2006లో తెరిచిన మెర్సిడెస్ బెంజ్ ప్రదర్శన కేంద్రం ఉన్నాయి. రెండు దిశల నిబంధన మాత్రం నేటికీ అమలులో ఉంది. 1997 అక్టోబరు 15న ధ్వని వేగాన్ని దాటిన బ్రిటిష్ కారు థ్రస్ట్ ఎస్ఎస్‌సీ కూడా ఒక గంటలోపు రెండు వైపులా పరుగెత్తి, 1,227.985 కిలోమీటర్ల సగటుతోనే తన రికార్డును నమోదు చేసుకుంది.