ఐర్లండు దేశమున వ్యాజ్యములు – రాజీ మార్గము

సొమ్ము, ఆస్తి, ఒప్పందము మొదలగువానిఁ గూర్చిన తగవులు ఐర్లండు గణతంత్ర దేశమున ఎట్లు తీరునో మేమిచట సంగ్రహముగా వివరింతుము. సాధారణముగా 15,000 యూరోల వఱకు జిల్లా కోర్టును, 75,000 వఱకు సర్క్యూట్ కోర్టును, అంతకు మించినచో హైకోర్టును విచారించును. వస్తువు కొని మోసపోయినవాఁడు 2,000 యూరోలలోపు దావాను 25 యూరోల రుసుముతో, వకీలు లేకయే నడుపుకొనవచ్చును.

పెద్ద వ్యాజ్యములలో ఓడినవాఁడు గెలిచినవాని ఖర్చులనుగూడ సామాన్యముగా భరింపవలెను. న్యాయము తనదేయని నమ్మి కోర్టుకెక్కినవాఁడును ఇల్లు గుల్ల చేసికొనవచ్చును. ఈ కీడును తగ్గించుటకై 2017లో మధ్యవర్తిత్వ చట్టము చేయఁబడెను. దాని ప్రకారము సొలిసిటరను వకీలు దావా వేయుటకు ముందే కక్షిదారునకు మధ్యవర్తిత్వమును గూర్చి చెప్పవలెను. చెప్పితినని ప్రమాణపత్రమును దాఖలు చేయవలెను. అది లేనిచో కోర్టు వ్యాజ్యమును వాయిదా వేయును.

మధ్యవర్తి తీర్పు చెప్పఁడు. ఉభయుల మాటలు విని, వారే ఒక యొప్పందమునకు వచ్చునట్లు తోడ్పడును. అచటి సంభాషణ సామాన్యముగా గోప్యము. ఒప్పందము కుదరనిచో కోర్టు తలుపు తెఱచియే యుండును. కాని అకారణముగా మధ్యవర్తిత్వమును నిరాకరించినవానికి ఖర్చుల విషయమున నష్టము కలుగవచ్చును.

విద్యార్థులారా! ఆ చట్టము ఎవరిని రాజీపడుమని నిర్బంధింపదు. పోరుటకు ముందు ఒక్కసారి ఆలోచింపుమని మాత్రమే హెచ్చరించును. మనము గ్రహింపవలసినది ఇదియే.