పాపికొండలే పాఠశాల.. గడువు గోదావరి చేతిలో!

పోలవరం: డిగ్రీ పట్టా చేతికి అందాలంటే తరగతి గది ఒక్కటే చాలదు, క్షేత్రంలోనూ పనిచేసి రావాలన్నది రాష్ట్రంలో అమలైన విధానం. 2020-21లో ఉన్నత విద్యామండలి పాఠ్య ప్రణాళికను సవరించి మూడేళ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది ముగిశాక రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తరువాత మరో రెండు నెలలు, ఆపై ఒక పూర్తి సెమిస్టరు అన్నది లెక్క. పట్టణాల్లోని విద్యార్థులకు కంప్యూటర్‌ సంస్థలు, బ్యాంకులు వెంటనే గుర్తుకొస్తాయి. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, చరిత్ర చదివేవారికి మాత్రం వాటికన్నా విలువైన ప్రయోగశాల గోదావరి గట్టునే ఉంది. అదే పాపికొండల జాతీయ ఉద్యానవనం. 1978లో అభయారణ్యంగా ప్రకటితమైన ఈ అడవికి 2008లో జాతీయ ఉద్యానవన హోదా దక్కింది. విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు.

నడకతోనే మొదలు
అడవిలో ఇంటర్న్‌ పని అనగానే పులులను చూడటం, ఫొటోలు తీయడం అనుకునేవారే ఎక్కువ. వాస్తవంలో తొలి పాఠం నడక. దేశవ్యాప్తంగా 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే పులుల అంచనాలో తొలి దశ అంతా నడకే. మాంసాహార జంతువుల జాడల కోసం బీట్‌లో ఐదు కిలోమీటర్ల చొప్పున నడవాలి. పాదముద్ర, పెంట, చెట్టు బెరడుపై గోళ్ల గీతలు కనిపించిన చోటల్లా నమోదు చేయాలి. శాకాహార జంతువుల లెక్కకు వేకువనే కనీసం రెండు కిలోమీటర్ల సరళరేఖ వెంట మాట్లాడకుండా సాగాలి. కనిపించిన దుప్పి ఎంత దూరంలో ఉందో, ఏ కోణంలో ఉందో రాసుకోవాలి. ఇదే నడక వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయాలి. మూడు ఉదయాలు నడిచినా ఒక్క జంతువూ కనిపించకపోవచ్చు. ఆ సున్నాను కూడా సున్నాగానే రాయడం ఇక్కడ నేర్చుకోవలసిన మొదటి నిజాయతీ.

తరువాతి దశ కెమెరా ట్రాప్‌లది. దారికి రెండు పక్కలా ఎదురెదురుగా ఒక్కో కెమెరాను బిగిస్తారు. దీనికి కారణం లేకపోలేదు. పులి ఒంటిపై కుడివైపు చారలు, ఎడమవైపు చారలు ఒకేలా ఉండవు. రెండు పక్కలా చిత్రం దొరికితేనే ఇది ఫలానా పులి అని తేల్చగలరు. లేకుంటే ఒకే జంతువును రెండుగా లెక్కించే ప్రమాదం ఉంది. వేలాది చిత్రాల్లో గాలికి ఊగిన కొమ్మలు, మేతకు వచ్చిన పశువులే అధికంగా ఉంటాయి. వాటిని వేరుచేసే పని సాధారణంగా కొత్తగా వచ్చిన కుర్రవాళ్లకే దక్కుతుంది! విసుగు పుట్టించే పనే అయినా, ఇక్కడ జరిగిన పొరపాటు చివరి అంకె దాకా వెళుతుంది.

ముంపునకు ముందే నమోదు
పాపికొండల విషయంలో మరో ఉద్యానవనానికి లేని తొందర ఒకటుంది. 2014లో జాతీయ హోదా పొందిన పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. తొలిదశ పునరావాసానికి 41.15 మీటర్ల కాంటూరును ప్రాతిపదికగా తీసుకున్నారు. ఈ గీతల దిగువన ఉన్న లోయ భాగాల్లో అడవి ఉంది, ఊళ్లు ఉన్నాయి, కొండరెడ్లు, కోయలు తరతరాలుగా నడిచిన బాటలున్నాయి. ఎగువ కాఫర్‌డ్యామ్‌ వచ్చాక వరద కాలంలో దేవీపట్నం పరిసరాలు నీట మునగడం జిల్లా వాసులకు తెలిసిందే. అనేక కుటుంబాలు పునరావాస కాలనీలకు తరలాయి.

వృక్షశాస్త్ర విద్యార్థికి ఇక్కడే అసలు పని ఉంది. జీలుగు, ఇప్ప, తునికి, మద్ది, సారపప్పు, అడ్డాకు వంటి పేర్లు పుస్తకంలోనూ దొరుకుతాయి. ఏ వాగు పక్కన జీలుగు ఎక్కువ కల్లు ఇస్తుంది, ఏ నెలలో నరికిన వెదురుకు పురుగు పట్టదు అన్నది మాత్రం కొండరెడ్డి పెద్దల నోటనే ఉంటుంది. కాలనీకి వెళ్లిన తాత చెట్టు పేరు చెప్పగలడు కానీ చెట్టును చూపలేడు. చెట్టు పక్కన నిలబడి, పేరు విని, ఆకును ఎండబెట్టి, చోటును గుర్తించి రాసుకునే అవకాశం ఏటికేడు కుదించుకుపోతోంది. అడిగి రాసుకున్న విషయానికి చెప్పినవారి అనుమతి తీసుకోవడం, రాసిన ప్రతిని ఆ ఊరివారికి ఇవ్వడం కనీస మర్యాద. సర్వేల పేరిట వచ్చి వెళ్లినవారిని గిరిజనులు ఇప్పటికే చాలామందిని చూశారు.

గుహల్లో కొలతల పని
చరిత్ర విద్యార్థులకు కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి బౌద్ధ క్షేత్రం ఉంది. క్రీస్తుపూర్వపు శతాబ్దాల్లో కొండను తొలిచి నిర్మించిన వృత్తాకార చైత్యం ఇక్కడి ప్రత్యేకత. పైకప్పులో కర్ర వాసాలను పోలిన రాతి చెక్కడం చూస్తే నాటి వడ్రంగం ఎలా ఉండేదో ఊహించవచ్చు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఇలాంటి చోట ఇంటర్న్‌ తవ్వకాలు చేయడు. కొలతలు తీయడం, కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీయడం, చెమ్మ దిగిన చోటును, కొత్తగా కనిపించిన పగులును నమోదు చేయడం అతని పని. ధవళేశ్వరంలోని కాటన్‌ మ్యూజియం కూడా ఈ కోవలో చూడదగినదే.

చదువుకునే యువతను ఉద్యానవనాల పనికి పిలవడం కొత్త ఆలోచన కాదు. 1955లో అమెరికాలో ఎలిజబెత్‌ కుష్మన్‌ అనే కళాశాల విద్యార్థిని తన పరిశోధన వ్యాసంలో దీన్ని ప్రతిపాదించగా, 1957లో తొలి విద్యార్థి బృందాలు అక్కడి జాతీయ ఉద్యానవనాల్లో అడుగుపెట్టాయి. యునెస్కో 2008 నుంచి ప్రపంచ వారసత్వ క్షేత్రాల్లో స్వచ్ఛంద యువ శిబిరాలను నడిపిస్తోంది. తేడా ఒక్కటే. బస, భోజనం, భద్రత ముందే కుదరకపోతే మన దగ్గర పేదింటి విద్యార్థి అడవికి రాలేడు. ఊరికి దగ్గరి దుకాణంలోనే పది నెలలూ పూర్తిచేసుకుంటాడు.

అనుమతి ఎలా?
1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలోకి ప్రవేశానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. అధ్యయనం, శాస్త్ర పరిశోధన అందుకు చట్టం గుర్తించిన కారణాలే. విద్యార్థి సొంతంగా కాక కళాశాల ద్వారా, పని ఏమిటో, ఎన్ని రోజులో స్పష్టంగా రాసి దరఖాస్తు చేస్తే మేలు. లాంచీపై వెళ్లేవారు లైఫ్‌ జాకెట్‌ విషయంలో ఉపేక్షించరాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదాన్ని ఈ తీరం మరువలేదు.

కాలం ఎంపికా ముఖ్యమే. రెండో ఏడాది తరువాతి రెండు నెలలు తరచూ ఎండల్లోనే వస్తాయి. వాగులు ఎండిపోయి, ఆకు రాలి, మొక్కలను గుర్తించడం కష్టమవుతుంది. జూలై నుంచి వరద మొదలైతే దారులే ఉండవు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నేల మెత్తగా ఉండి పాదముద్రలు నిలుస్తాయి, పూతా కనిపిస్తుంది. అందువల్ల అడవిని ఎంచుకునేవారు శీతాకాలంలో పడే పూర్తి సెమిస్టరును దీనికి అట్టిపెట్టుకోవడం మంచిది. అనుమతి పత్రాల కోసం వేసవిలోనే కదలాలి.