లూసియానా

లూసియానా అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగములో, మెక్సికో సింధుశాఖ ఒడ్డున ఉన్న ఒక రాష్ట్రము. 1812 ఏప్రిల్ 30న దేశములో 18వ రాష్ట్రముగా చేరినది. రాజధాని బేటన్ రూజ్, అతిపెద్ద నగరము న్యూ ఓర్లీన్స్. విస్తీర్ణము సుమారు 1,35,650 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల ప్రకారము జనాభా 46,57,757. ఈ రాష్ట్రపు దక్షిణ భాగము మిసిసిపి నది తెచ్చిన ఒండ్రుమట్టితో ఏర్పడినది. ఆ నదిని అదుపు చేయడానికి మనుషులు కట్టిన కరకట్టలే నేడు ఆ నేల తరిగిపోవడానికి ఒక ముఖ్యకారణము కావడము ఇక్కడి ప్రత్యేకత.

పేరు

1682లో ఫ్రెంచి అన్వేషకుడు లా సాల్ మిసిసిపి నది వెంట సముద్రము వరకు ప్రయాణించాడు. నదీ పరీవాహక ప్రాంతమంతా ఫ్రాన్సుకు చెందినదని ప్రకటించి, తమ రాజైన 14వ లూయీ పేరు మీదుగా దానికి లూసియానా అని నామకరణము చేశాడు.

భౌగోళికము

లూసియానాకు పశ్చిమాన టెక్సస్, ఉత్తరాన ఆర్కన్సా, తూర్పున మిసిసిపి రాష్ట్రాలు, దక్షిణాన సముద్రము ఉన్నాయి. రాష్ట్రములో పెద్ద పర్వతాలు లేవు. అత్యున్నత స్థలమైన డ్రిస్కిల్ కొండ ఎత్తు కేవలము 163 మీటర్లు. న్యూ ఓర్లీన్స్ నగరములో కొన్ని ప్రాంతాలు సముద్రమట్టానికి రెండు మీటర్లకు పైగా దిగువన ఉన్నాయి.

దక్షిణ తీరములోని డెల్టా గత ఏడువేల సంవత్సరాలలో ఏర్పడినది. నది మట్టిని మేటవేస్తూ సముద్రములోకి సాగేకొద్దీ దాని దారి పొడవై వాలు తగ్గుతుంది. అప్పుడు నది మరింత దగ్గరి దారి వెతుక్కుంటుంది. ఈ విధముగా సుమారు వెయ్యి, పదిహేను వందల ఏళ్ళకు ఒకసారి ప్రధాన ప్రవాహము దారి మార్చుకొని, ప్రతిసారీ కొత్త చోట నేలను నిర్మించినది.

వరద పొంగినపుడు బరువైన ఇసుక, మట్టి ఒడ్డునే నిలిచిపోతాయి. అందువలన నది ఒడ్డు ఎత్తుగాను, దూరముగా ఉన్న నేల పల్లముగాను ఉంటుంది. ఒండ్రు నేల తన బరువుకు తానే కొద్దికొద్దిగా కుంగుతుంది. ఏటా వరద తెచ్చే కొత్త మట్టి ఆ లోటును పూడుస్తుంది. డెల్టా మనుగడకు ఈ రెండింటి సమతూకమే ఆధారము.

చరిత్ర

ఈశాన్య లూసియానాలోని పావర్టీ పాయింట్ వద్ద మూడువేల ఏళ్ళకు పూర్వమే ఆదివాసులు నిర్మించిన భారీ మట్టి దిబ్బలు ఉన్నాయి. యునెస్కో 2014లో వీటిని ప్రపంచ వారసత్వ ప్రదేశముగా గుర్తించినది.

ఫ్రెంచివారు 1718లో నది ఒడ్డున ఎత్తయిన నేలపై న్యూ ఓర్లీన్స్ నగరాన్ని స్థాపించారు. 1762లో ఫ్రాన్సు రహస్య ఒప్పందము ద్వారా ఈ ప్రాంతాన్ని స్పెయిన్‌కు ఇచ్చినది. 1800లో తిరిగి ఫ్రాన్సు పొందినది. హైతీలో బానిసల తిరుగుబాటును అణచలేక, ఇంగ్లాండుతో యుద్ధానికి ధనము అవసరమైన నెపోలియన్ 1803లో సుమారు 21 లక్షల చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అమెరికాకు ఒకటిన్నర కోట్ల డాలర్లకు అమ్మివేశాడు. దీనితో అమెరికా విస్తీర్ణము దాదాపు రెట్టింపైనది. ఆ నేలపై తరతరాలుగా నివసిస్తున్న ఆదివాసుల సమ్మతిని మాత్రము ఎవరూ అడగలేదు. నేటి లూసియానా ఆ విశాల ప్రాంతములో ఒక చిన్న భాగము మాత్రమే.

చెరకు, పత్తి తోటలు బానిసల శ్రమపై నడిచేవి. 1861లో రాష్ట్రము దేశము నుండి విడిపోయి అంతర్యుద్ధములో దక్షిణ పక్షాన చేరినది. 1868లో తిరిగి కాంగ్రెసులో ప్రాతినిధ్యము పొందినది. 1892లో హోమర్ ప్లెస్సీ అనే న్యూ ఓర్లీన్స్ వాసి తెల్లవారికి కేటాయించిన రైలుపెట్టెలో కూర్చొని అరెస్టయ్యాడు. ఆ కేసులో 1896లో సుప్రీంకోర్టు జాతి వివక్షను సమర్థించినది. ప్రభుత్వ పాఠశాలలలో అటువంటి వేర్పాటు చెల్లదని 1954లో అదే కోర్టు మరొక కేసులో తీర్పు చెప్పినది.

కరకట్టలు, వరదలు

1927లో మిసిసిపికి మహావరద వచ్చినది. న్యూ ఓర్లీన్స్‌ను కాపాడడానికి అధికారులు ఆ ఏడు ఏప్రిల్ 29న నగరానికి దిగువన కేర్నార్వన్ వద్ద కరకట్టను డైనమైట్‌తో పేల్చివేశారు. దిగువనున్న సెయింట్ బెర్నార్డ్, ప్లాక్మైన్స్ ప్రాంతాలు మునిగిపోయాయి. అక్కడి వారికి తగిన నష్టపరిహారము అందలేదు. 1928 వరద నియంత్రణ చట్టము తరువాత కేంద్ర ప్రభుత్వము కరకట్టలను మరింత ఎత్తుగా, దృఢముగా నిర్మించినది.

20వ శతాబ్దములో నది మళ్ళీ దారి మార్చి అచఫలాయ నదిలోకి మరలసాగినది. అదే జరిగితే బేటన్ రూజ్, న్యూ ఓర్లీన్స్ రేవులు, పరిశ్రమలు దెబ్బతింటాయి. అందువలన 1963లో ఓల్డ్ రివర్ వద్ద నియంత్రణ కట్టడాలను పూర్తిచేసి, నీటిలో 30 శాతము మాత్రమే అచఫలాయకు వెళ్ళేటట్లు ఏర్పాటు చేశారు. 1973 వరదలో ఈ కట్టడము దాదాపు కూలిపోయే స్థితికి వచ్చినది.

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చినపుడు కాలువల వెంట ఉన్న రక్షణ గోడలు, కట్టలు తెగి న్యూ ఓర్లీన్స్‌లో 80 శాతము మునిగినది. వెయ్యిమందికి పైగా మరణించారు. నది ఒడ్డున ఎత్తుగా ఉన్న పాత ఫ్రెంచి పేట చాలావరకు మునగలేదు. 20వ శతాబ్దములో పంపులతో నీరు తోడి నివాసయోగ్యము చేసిన పల్లపు ప్రాంతాలే అధికముగా నష్టపోయాయి.

తరుగుతున్న తీరము

1932 నుండి 2016 వరకు లూసియానా తీరము సుమారు 4,833 చదరపు కిలోమీటర్ల నేలను కోల్పోయినది. ఇది 1932 నాటి తీరభూమిలో నాలుగవ వంతు. కరకట్టల వలన వరదమట్టి పొలాలకు, చిత్తడి నేలలకు చేరక సముద్రము పాలవుతున్నది. ఎగువన కట్టిన ఆనకట్టల వలన నదిలో వచ్చే మట్టి కూడా తగ్గినది. చమురు సంస్థలు తవ్విన కాలువల గుండా ఉప్పునీరు లోపలికి వచ్చి మొక్కలు చనిపోతున్నాయి. నేల కుంగడము, సముద్రమట్టము పెరగడము మిగిలిన కారణాలు.

ఐల్ డి జీన్ చార్లెస్ అనే ఆదివాసుల ద్వీపము 1955 తరువాత దాదాపు పూర్తిగా కరిగిపోయినది. అక్కడివారిని తరలించడానికి 2016లో కేంద్ర ప్రభుత్వము 4.8 కోట్ల డాలర్లు మంజూరు చేసినది. 2022లో పలు కుటుంబాలు ఉత్తరానగల కొత్త ఇళ్ళకు మారాయి.

నదీజలాన్ని మట్టితో సహా చిత్తడి నేలలకు మళ్ళించే మిడ్ బారటేరియా పథకము 2023లో ప్రారంభమైనది. ఖర్చు పెరగడము, ఆల్చిప్పల సాగుదారులు, మత్స్యకారులు అభ్యంతరము చెప్పడము వంటి కారణాలతో 2025లో రాష్ట్ర ప్రభుత్వము దానిని రద్దుచేసినది. అయితే నదికి అవకాశమిస్తే నేల పెరుగుతుందనడానికి రాష్ట్రములోనే నిదర్శనము ఉన్నది. 1942లో వరదనీటి కోసము తవ్విన వాక్స్ లేక్ కాలువ ముఖద్వారము వద్ద ఒక కొత్త డెల్టా ఏర్పడి ఇప్పటికీ పెరుగుతున్నది.

ఇతర విశేషాలు

* ఇతర రాష్ట్రాలలో జిల్లాల వంటి విభాగాలను సాధారణముగా కౌంటీలు అంటారు. లూసియానాలో వాటిని పారిష్‌లు అంటారు. ఇవి మొత్తము 64.
* ఇక్కడి పౌరచట్టానికి ఫ్రెంచి, స్పానిష్ న్యాయసంప్రదాయాలు మూలము.
* 1755 నుండి బ్రిటిషువారు కెనడా తీరము నుండి వెళ్ళగొట్టిన అకేడియన్లలో పలువురు ఇక్కడ స్థిరపడ్డారు. వారి సంతతిని కేజన్లు అంటారు.
* పాంచర్‌ట్రెయిన్ సరస్సుపై 1956లో ప్రారంభమైన వంతెన పొడవు సుమారు 38 కిలోమీటర్లు.
* 1980 నవంబరు 20న పెన్యూర్ సరస్సులో చమురు కోసము వేసిన బోరు అడుగున ఉన్న ఉప్పుగనిలోకి దిగింది. సరస్సు నీరంతా గనిలోకి కుంగిపోయినది. ప్రాణనష్టము జరగలేదు.