చొక్కా కింద చెయ్యి

ఎడిటర్ గారు ఈ పని అప్పగించింది సోమవారం. “అమెరికాలో మనవాళ్లు తుపాకులు కొంటున్నారట. చొక్కా కింద కనపడకుండా నడుముకు పెట్టుకుని తిరగొచ్చట. మరి దాన్ని ఎప్పుడు బయటికి తీయొచ్చు? అది రాయండి. గురువారం రాత్రికి పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి” అన్నారు. డాలస్‌కు, ఎడిసన్‌కు నాలుగు ఫోన్లు చేసి, నాలుగు కుటుంబాల భయాలు రాస్తే సరిపోతుందనుకున్నాను. మంగళవారం రాత్రి టెక్సాస్ శిక్షాస్మృతి తొమ్మిదో అధ్యాయం తెరిచాక ఆ ఆలోచన మారిపోయింది. అందులో 9.04 అని ఒక చిన్న సెక్షన్ ఉంది. రెండే వాక్యాలు. మిగిలిన రెండు రోజులూ వాటితోనే గడిచాయి.

మొదటి వాక్యం సారం ఇది: బలం వాడటం ఎక్కడ న్యాయమో, వాడతానని బెదిరించడమూ అక్కడ న్యాయమే. రెండో వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆయుధం బయటికి తీసి చంపుతానన్నంతగా బెదిరించినా సరే, ‘అవసరమైతే ప్రాణం తీయడానికీ వెనుకాడను’ అన్న భయం ఎదుటివాడిలో కలిగించడం వరకే మన ఉద్దేశమైతే, దాన్ని ప్రాణాంతక బలం వాడినట్టుగా లెక్కించరు.

ఇందులో అంత పట్టి చూడాల్సిందేముంది? ఆత్మరక్షణ చట్టం బలాన్ని రెండు రకాలుగా విడదీస్తుంది. మీద పడబోతున్నవాడిని నెట్టేయడం, చెయ్యి పట్టుకుని ఆపడం మామూలు బలం. కాల్చడం, పొడవడం ప్రాణాంతక బలం. రెండోదానికి గడప చాలా ఎత్తు. ఎదుటివాడు కూడా ప్రాణం తీసేలా మీదికి వస్తుండాలి, లేదా దోపిడీ, అపహరణ, అత్యాచారం లాంటి ఘోరానికి తెగబడుతుండాలి. మరి తుపాకీ తీసి, కాల్చకుండా చూపించి నిలబడటం ఏ కోవలోకి వస్తుంది? మామూలు బుద్ధికి అది రెండో రకమే అనిపిస్తుంది. టెక్సాస్ చట్టం మాత్రం, ఉద్దేశం అంతవరకే అయితే, మొదటి రకం అంటోంది. కాల్చడానికి హక్కు లేని చోట కూడా, తీయడానికి హక్కు ఉండే అవకాశం ఉందన్నమాట.

ఈ వాక్యం టెక్సాస్ సొంతం కాదు. అమెరికా న్యాయ పండితుల సంస్థ అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ 1962లో రాష్ట్రాలకు నమూనాగా ఒక శిక్షాస్మృతి రాసి ఇచ్చింది. మూలం అక్కడుంది. తుపాకుల విషయంలో టెక్సాస్‌కు పూర్తిగా ఎదురు దిక్కున నిలబడే న్యూజెర్సీ చట్టంలోనూ దాదాపు ఇవే మాటలున్నాయి. అలాగని అన్ని చోట్లా ఇదే లెక్క అనుకోకూడదు. కాన్సాస్ కథ చూడండి. అక్కడి చట్టం బలం ‘వాడటం’ గురించే మాట్లాడుతోంది, బెదిరించడం గురించి కాదు, కాబట్టి ఆయుధం చూపించి ఊరుకున్నవాడికి ఆత్మరక్షణ వాదన వర్తించదని 2009లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. పొడిచినవాడు ఆత్మరక్షణ అని చెప్పుకోవచ్చు, పొడవకుండా ఆగినవాడు చెప్పుకోలేడు! ఆ వింతను సరిదిద్దడానికి మరుసటి ఏడాదే శాసనసభ చట్టం మార్చి, ఆయుధం చూపించడాన్ని కూడా బలం వాడటం కిందికి చేర్చింది.

ఇక్కడ చదువరులు ఒక్క క్షణం ఆగాలి. 9.04 చదివి “అయితే తీయొచ్చన్నమాట” అనుకుంటే చాలా ప్రమాదం. అదే టెక్సాస్‌లో, సరైన కారణం లేకుండా తుపాకీ చూపించి బెదిరిస్తే అది మారణాయుధంతో దౌర్జన్యం, రెండో తరగతి ఘోర నేరం. 2 నుంచి 20 ఏళ్ల జైలు. ఒకే చెయ్యి, ఒకే కదలిక. ఒక పక్క ఏ శిక్షా లేదు, ఇంకో పక్క ఇరవై ఏళ్లు. మధ్యలో ఉన్నదల్లా ఆ క్షణంలో ఎదుటివాడు ఏం చేస్తున్నాడన్నదే. దాన్ని తూచేది మనం కాదు. ఎన్నో నెలల తర్వాత, ఏసీ గదిలో కూర్చున్న పన్నెండు మంది జ్యూరీ సభ్యులు.

ఫోర్ట్ వర్త్‌లో ఒకాయన స్నేహితురాలితో కలిసి తన ట్రక్కు దగ్గరికి వెళుతున్నాడు. వీధిలో ఉన్న కొందరితో మాటామాటా వచ్చింది. ఆయన తుపాకీ తీశాడు, కాల్చలేదు. కేసయింది. వాళ్లు మీదికి రాకుండా ఆపడానికే తీశానన్నాడు. ఆత్మరక్షణ మాట జ్యూరీకి చెప్పడానికే కింది కోర్టు జడ్జి ఒప్పుకోలేదు, శిక్ష పడింది. 2017లో ఆ రాష్ట్ర క్రిమినల్ అప్పీళ్ల కోర్టు 9.04ను ముందు పెట్టుకుని, ఆ వాదన జ్యూరీ వినాల్సిందే అంది. గమనించండి, ఆయన చేసింది ఒప్పు అని ఆ కోర్టు అనలేదు. ఆ ప్రశ్న జ్యూరీ ముందుకు వెళ్లాలంది, అంతే. ఆ ఒక్క మాట కోసం ఆయన ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు.

తీయడం ఎప్పుడు న్యాయమో చెప్పేది 9.04 కాదు, దాని తర్వాత వచ్చే 9.31. ఎదుటివాడు అన్యాయంగా బలం వాడుతున్నాడనో, వాడబోతున్నాడనో, దాన్ని ‘తక్షణం’ అడ్డుకోకపోతే కుదరదనీ వివేకం ఉన్న మనిషెవరైనా నమ్మేలా ఉండాలి. ‘రేపు నీ సంగతి చూస్తా’ అన్నవాడి మీద తీయడానికి లేదు. పారిపోతున్నవాడి మీద తీస్తే ఆత్మరక్షణ అనిపించుకోదు. గొడవ మనమే రెచ్చగొట్టి ఉంటే, అందులోంచి తప్పుకున్నామని స్పష్టంగా చూపించేదాకా హక్కు తిరిగి రాదు. అన్నిటికీ మించి, ఎన్ని బూతులు తిట్టినా, పుట్టుకనూ రంగునూ ఎంత కించపరిచినా, ‘మాటలు మాత్రమే’ అయితే బలం వాడే హక్కు పుట్టదు.

అదే సెక్షన్‌లో ఇంకో నిషేధం ఉంది. చట్టవిరుద్ధంగా ఆయుధం దగ్గర పెట్టుకుని, తమ మధ్య ఉన్న తగాదా మీద సంజాయిషీ అడగడానికో మాట్లాడుకోవడానికో వెళ్లినవాడికి ఆత్మరక్షణ వాదన లేదు. మన పల్లెల్లో పంచాయితీలు చూసిన ఎవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. మాట్లాడుకుందాం రమ్మని, కండువా కింద కత్తి పెట్టుకుని వెళ్లడం మనం ఎరిగినదే. ఈ మాట చట్టంలో రాసినవాళ్లు మనుషుల్ని దగ్గరగా చూసినవాళ్లు.

చరిత్ర తొందరగా చెప్పేస్తాను. పాత ఇంగ్లీషు న్యాయం, వెనక్కి తగ్గే దారుంటే తగ్గమంది. న్యూయార్క్ చట్టం ఇప్పటికీ ఇంటి బయట అదే చెబుతుంది. తగ్గక్కర్లేదన్న చట్టం ఫ్లోరిడాలో 2005లో, టెక్సాస్‌లో 2007లో వచ్చింది. టెక్సాస్ 1995లో దాచుకుని తిరగడానికి లైసెన్స్ చట్టం చేసి, 2021లో అసలు లైసెన్సే అక్కర్లేదంది. ఇలా అక్కర్లేదన్న రాష్ట్రాలు 2024 నాటికి 29. సుప్రీంకోర్టు 2008లో ఇంట్లో తుపాకీ వ్యక్తి హక్కు అంది, 2022లో ఆ హక్కు వీధిలోకీ వర్తిస్తుందంది. మోసుకెళ్లే హక్కు ఏటా వెడల్పవుతూ వచ్చింది. తీసే హక్కు మాత్రం ‘తక్షణం’ అన్న మాట దగ్గర ఉన్నచోటే ఉంది. ఈ రెండూ ఒకటే అనుకోవడంలోనే అసలు ముప్పు ఉందని నా నమ్మకం.

ఇప్పుడు ఓలేత. 2017 ఫిబ్రవరి 22 మన ఇళ్లలో ఇంకా మానని గాయం. కాన్సాస్‌లోని ఆ ఊళ్లో, పని ముగించుకుని ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు ఇంజినీర్లు, కూచిభొట్ల శ్రీనివాస్, మాడసాని అలోక్. ఒకడు వచ్చి వాళ్ల పుట్టుక మీద నోరు పారేసుకున్నాడు. అతన్ని బయటికి పంపేశారు. కాసేపటికి తుపాకీతో తిరిగొచ్చాడు. 32 ఏళ్ల శ్రీనివాస్ పోయారు, అలోక్ గాయపడ్డారు. ఆ వారమంతా అమెరికా తెలుగు ఇళ్లలో ఒకటే మాట, మనమూ ఒకటి కొనుక్కుందామా అని. కాన్సాస్‌లో 2015 నుంచే లైసెన్స్ లేకుండా దాచుకుని తిరగొచ్చు.

ఆ సాయంత్రాన్ని చట్టం పక్కన పెట్టి చూశాను. అతను మొదటిసారి వచ్చినప్పుడు అన్నవి మాటలు. మాటలకు తుపాకీ తీయడం నేరం. రెండోసారి వచ్చినప్పుడు తీయడం నూటికి నూరు పాళ్లు న్యాయం, కానీ అప్పటికే అతని చేతిలో తుపాకీ పేలుతోంది. చట్టం ‘వద్దు’ అనే క్షణానికీ, కాలం ‘ఆలస్యమైంది’ అనే క్షణానికీ మధ్య ఉన్నది ఎంతసేపు? నడుముకు పిస్టల్ ఉంటే శ్రీనివాస్ బతికేవారని నమ్మకంగా చెప్పేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ రోజు లేచి ఎదురెళ్లిన ఇయాన్ గ్రిల్లట్ వయసు 24. తూటాలు అయిపోయాయనుకుని వెంటపడ్డాడు. అయిపోలేదు. తూటా తగిలింది, బతికాడు. అతని దగ్గర తుపాకీ లేదు.

తుపాకీ తీసి కాల్చకుండా ఆగడానికీ, గోడకేసి ఒక్క తూటా పేల్చడానికీ మధ్య దూరం ఎంతో చెప్పే కేసు ఫ్లోరిడాలో ఉంది. 2010లో జాక్సన్‌విల్‌లో మరిస్సా అలెగ్జాండర్ అనే ఆమె, తనను కొట్టిన భర్త మీద హెచ్చరికగా ఒక్క తూటా పేల్చానంది. ఎవరికీ తగల్లేదు. 2012లో 20 ఏళ్ల శిక్ష పడింది. ఆమె గరాజ్‌లోకి వెళ్లి, కారులోంచి తుపాకీ తెచ్చుకుని, మళ్లీ ఇంట్లోకి వచ్చింది. భయపడ్డ మనిషి తిరిగి లోపలికి ఎందుకొస్తుందన్నది కోర్టు ప్రశ్న. దెబ్బలు తినే ఇల్లు ఎలా ఉంటుందో ఆ ప్రశ్నకు తెలియదు. తర్వాత ఆ తీర్పు కొట్టేశారు, 2015 జనవరిలో ఆమె జైలు నుంచి బయటికొచ్చింది. అంతకు ముందే, 2014లో, ఫ్లోరిడా తన చట్టంలో ‘బలం వాడటం’ పక్కన ‘వాడతానని బెదిరించడం’ కూడా చేర్చింది. 9.04 చెప్పిన మాటే, ఒక ఆడమనిషి ఏళ్లు పోయాక.

వీసా మీద ఉన్నవారికి

ఎఫ్-1, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు పై చర్చంతా వర్తించదు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం వాళ్లు తుపాకీ కాదు కదా, ఒక్క తూటా దగ్గర ఉంచుకోవడమూ నేరమే. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఆ పైన దేశ బహిష్కరణ. ప్రధాన మినహాయింపు, చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. షూటింగ్ రేంజ్‌లో సరదాకు పట్టుకున్నా చిక్కే. విద్యార్థి వీసా మీద వచ్చి, కాలేజీ తొలగించాక కూడా ఉండిపోయిన ఒక యువకుడు రేంజ్‌లో కాల్చినందుకే కేసులో ఇరుక్కున్నాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తన వలస స్థితి నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో కోర్టు చెప్పింది. రేంజ్‌లో దిగిన ఫొటోలు వాట్సాప్‌లో పెట్టే పిల్లల తల్లిదండ్రులు ఈ పేరా కత్తిరించి పంపండి.

మన దగ్గర

భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు స్వీయరక్షణ గురించినవే. ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయంతో హక్కు మొదలవుతుంది, భయం పోగానే పోతుంది. పోలీసుల దగ్గరికి వెళ్లే వ్యవధి ఉంటే హక్కు లేదు. అవసరానికి మించి హాని చేయడానికీ లేదు. ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్లగల సందర్భాలను 38వ సెక్షన్ లెక్కపెట్టి చెబుతుంది, యాసిడ్ దాడితో సహా. పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చేవాళ్లకు 2019 సవరణ రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టింది.

గురువారం మధ్యాహ్నం, డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్ నడిపే మా పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేశాను. ఆయన గ్రీన్ కార్డు వచ్చాక లైసెన్స్ తీసుకున్నాడు. ఇప్పుడు తప్పనిసరి కాకపోయినా టెక్సాస్ ఇంకా ఇస్తోంది. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, అందులో తగాదాను గొడవ లేకుండా తీర్చుకోవడం కూడా ఒక పాఠం. తర్వాత మూడు, ఏడు, పదిహేను గజాల దూరం నుంచి 50 తూటాలు కాల్చాలి, 250కి 175 మార్కులు రావాలి.

“నిలబెట్టి కాల్పించారు. నడుములోంచి తీయమని మాత్రం నన్ను ఎవరూ అడగలేదురా” అన్నాడు.

ఎప్పుడైనా తీయాల్సి వచ్చిందా అన్నయ్యా, అన్నాను.

కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఒక రాత్రి పదకొండు దాటాక ఒకడు సిగరెట్లకొచ్చాడు. ఐడీ అడిగితే తిట్టడం మొదలుపెట్టాడు. కౌంటర్ గుద్దాడు. మా అన్నయ్య చెయ్యి చొక్కా కిందికి వెళ్లింది. “పిడి మీద చెయ్యి పడింది కూడా. అప్పుడు వాడి చేతులు చూశాను. రెండూ కౌంటర్ మీదే ఉన్నాయి, ఖాళీగా. గుద్ది గుద్ది ఎర్రగా అయిపోయాయి. నాకు ఇంకేం కనపడలేదు. చెయ్యి తీసేసి, సిగరెట్లు ఇవ్వలేనన్నాను. వాడు తలుపు తన్ని వెళ్లిపోయాడు.”

తర్వాత అరగంట నిలబడలేకపోయానన్నాడు. ఆ సంగతి మా వదినకు ఇప్పటికీ చెప్పలేదు. ఆమె మొదటి నుంచీ ఇంట్లో తుపాకీ వద్దంటోంది. ఫోన్లోనే 9.04 సెక్షన్ తెలుగులో చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. “రాసి పంపించు. ఆ తర్వాత వచ్చే సెక్షన్ కూడా పంపించు, ఆ మాటల సంగతి ఉంది చూడు, అది” అన్నాడు. వెనక నుంచి తలుపు గంట మోగింది, ఎవరో కస్టమర్ వచ్చారు. ఫోన్ పెట్టేశాడు.