టాల్బట్ వంశము - పోర్ట్ టాల్బట్ పట్టణము

ఊరి పేరు ఆ ఊరి చరిత్రకు తొలి శాసనము. దక్షిణ వేల్స్ తీరమునందలి పోర్ట్ టాల్బట్ పట్టణము ఇందుకు చక్కని నిదర్శనము. ఆ ప్రాంతపు పూర్వనామము అబెరవన్. వెల్షు భాషలో 'అబెర్' అనగా నదీముఖము. అవన్ నది సముద్రమున గలియు చోటు గావున అబెరవన్. ప్రకృతి పెట్టిన ఈ పేరుపై ఒక భూస్వామి వంశనామము ఎట్లు నిలిచినదో పరిశీలింపదగినది.

సమీపమునందలి మార్గమ్‌లో 1147లో సిస్టర్షియన్ మఠము వెలసినది. 16వ శతాబ్దిలో ఎనిమిదవ హెన్రీ మఠములను రద్దుచేయగా, దాని భూములను సర్ రైస్ మాన్సెల్ కొనెను. 18వ శతాబ్దిలో వివాహసంబంధముచే అవి టాల్బట్ వంశమునకు సంక్రమించినవి.

ఆ వంశమున ముఖ్యుడు క్రిస్టఫర్ రైస్ మాన్సెల్ టాల్బట్ (1803-1890). ఆయన 1830 మొదలు మరణపర్యంతము, అనగా 60 ఏండ్లు, గ్లామోర్గన్ ప్రాంతమునుండి కామన్స్ సభ్యుడు. 1848 నుండి ఆ మండలమున రాణికి ప్రతినిధియైన లార్డ్ లెఫ్టినెంటు. ఇంగ్లండు, వేల్సులందు 1872 వరకు ఓటు బహిరంగముగా వేయబడుచుండెను. కౌలుదారు ఎవరికి ఓటు వేసెనో భూస్వామి ఎరుగగలిగెడివాడు. భూమి, ప్రాతినిధ్యము, రాజగౌరవము ఒక్క చేతనుండుటకు అర్థ మిదియే.

1836 నాటి పార్లమెంటు చట్టముచే అచటి రేవునకు పోర్ట్ టాల్బట్ అను పేరు వచ్చినది. టాల్బట్ దక్షిణ వేల్స్ రైల్వేకు కూడ అధ్యక్షుడు. కొడుకు థియొడోర్ 1876లో మరణించుటచే, 1890లో ఆస్తి కూతురు ఎమిలీకి దక్కెను. 1894లో ఏర్పడిన రైల్వే, రేవుల కంపెనీకి ఆమెయే ప్రధానాధారము. 1898లో కొత్త రేవు తెరువబడెను. సోదరుని స్మృతికై ఆమె సెయింట్ థియొడోర్ చర్చి కట్టించెను. పట్టణపు భవిష్యత్తును నిర్ణయించిన ఆ స్త్రీకి 1918 వరకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు లేకుండుట గమనింపదగినది.

1921లో అబెరవన్, మార్గమ్‌లు ఏకపురపాలికయై రేవు పేరునే ధరించినవి. అయినను పాతపేరు నశింపలేదు. పార్లమెంటు నియోజకవర్గము అబెరవన్ గానే యుండెను. 1922లో అచట గెలిచినవాడు లేబరు నాయకుడు రామ్సే మక్డొనాల్డు. భూస్వామి పేరు పట్టణమునకు దక్కగా, నదిపేరుగల స్థానము శ్రామికపక్షమునకు దక్కెను.

20వ శతాబ్దిలో ఉక్కు ఈ ఊరికి జీవనాధార మయ్యెను. 1951లో ప్రారంభమైన కర్మాగారమునకు మఠముపేర 'ఆబీ వర్క్స్' అని పేరిడిరి. అది 2007లో భారతీయ సంస్థయగు టాటా స్టీలు వశమైనది. 2024లో అచటి కడపటి బ్లాస్ట్ ఫర్నేసు ఆగిపోయినది. మఠము, భూస్వామి, కంపెనీ: అధికారము చేతులు మారినను, దూరముననో పైనుండియో జరుగు నిర్ణయముపై పట్టణపు బ్రతుకు ఆధారపడుట మారలేదు. స్థలనామ పరిశోధకుడు పేరులోని ధాతువుతోపాటు, ఆ పేరు పెట్టగలిగిన అధికారమును గూడ వెదకవలెను.